పాప బుగ్గ మీద రాయిలాంటి గడ్డ: ఇప్పుడే తీయించాలా, ఆగాలా?

జగిత్యాల దగ్గర ఒక ఊరి నుంచి ఒక తల్లి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆమెకు ఏడేళ్ల కూతురు, రెండో తరగతి చదువుతోంది. భర్త దుబాయ్‌లో పని చేస్తారు, రెండేళ్లకోసారి సెలవు మీద వస్తారు. పాపతో, అత్తగారితో ఆమె ఊళ్లోనే ఉంటున్నారు.

పోయిన వానాకాలంలో పాపకి జడ వేస్తుంటే కుడి చెవి ముందు, బుగ్గ మొదలయ్యే చోట, చర్మం కింద కందిగింజంత గట్టిగా ఏదో చేతికి తగిలింది. నొప్పి లేదు. దసరాకి శనగగింజంత, సంక్రాంతికి చింతపిక్కంత అయింది. అత్తగారు సున్నం, బెల్లం కలిపి పట్టు వేశారు. మూడు రోజులకు చర్మం ఎర్రబడి పొట్టు లేచింది, గడ్డ మాత్రం అలాగే ఉంది. దగ్గర్లోని డాక్టరు ‘బిళ్ళ కట్టింది’ అని రెండుసార్లు యాంటీబయాటిక్ రాశారు. తగ్గకపోయేసరికి పట్నం వెళ్లి సూది పరీక్ష చేయించారు. ‘అనుమానాస్పద కణాలు ఉన్నాయి, క్యాన్సర్ కాదని చెప్పలేం, ముక్క పరీక్ష చేయించాలి’ అని రిపోర్టు వచ్చింది. ఆ తర్వాత చూపించిన పిల్లల సర్జన్ స్కానింగ్ చేయించి, ‘ఇది వెంట్రుక కుదురు నుంచి వచ్చే గడ్డ, పైలోమాట్రికోమా అంటారు, భయపడాల్సింది కాదు, తీసేద్దాం’ అన్నారు. గడ్డ చర్మం పొరలోనే ఉందని, 13 మిల్లీమీటర్లని, లోపల సున్నం పేరుకుందని స్కానింగ్‌లో ఉంది.

ఇక ఇంట్లో గొడవ. ‘ఆడపిల్ల మొఖం మీద కత్తి పెట్టిస్తవా, రేపు పెళ్లెట్లయితది’ అని అత్తగారు. ‘మే నెలల నేనొస్త, అప్పటిదాక ఆగు’ అని భర్త. హోమియో వాడితే కరిగిపోతుందని ఆడపడుచు. చెవులు కుట్టించడం వల్ల వచ్చిందా, నూనె మార్చడం వల్ల వచ్చిందా, పట్టు వేసిన సున్నమే లోపలికి పోయిందా అని ఈమె రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. బడిలో పిల్లలు ‘బుగ్గల గోళీ’ అని ఏడిపిస్తున్నారని పాప జుట్టు ముందుకి వేసుకుంటోంది. పెద్దవాళ్ల మాటల్లో క్యాన్సర్ అన్న పదం విని ఒక రాత్రి ‘అమ్మా, నేను సచ్చిపోతనా?’ అని అడిగిందట. ఈమె జవాబు చెప్పలేక దగ్గరికి తీసుకుని పడుకోబెట్టారు.

జవాబు:

అమ్మా, పాప ప్రశ్న మీ ఉత్తరంలో చివరి పేజీలో ఉంది. నేను దానితోనే మొదలుపెడతాను. మీరు జవాబు చెప్పలేదు కాబట్టి అవునని పాప అనుకొని ఉండవచ్చు. ఏడేళ్ల పిల్లలు పెద్దవాళ్ల మౌనాన్ని అలాగే అర్థం చేసుకుంటారు. ఈ రాత్రి జడ విప్పేటప్పుడు మీరే ఆ మాట ఎత్తండి. ‘ఆ రోజు నువ్వు అడిగితే నేను చెప్పలేదు కదా, నువ్వు చచ్చిపోవు. నీ చెవి ముందు చర్మంలో చిన్న గట్టి గడ్డ ఉంది. అది నువ్వు ఏదో చేసినందుకు రాలేదు. డాక్టరు దాన్ని తీసేస్తారు. అప్పుడు నువ్వు నిద్రపోతుంటావు, నీకు తెలియదు. లేచేసరికి నేను పక్కనే ఉంటా’ అని చెప్పండి. అంతే చాలు. ఆ తర్వాత పాప ఏమడిగితే దానికే జవాబివ్వండి. అసలు నొప్పే ఉండదని మాత్రం చెప్పవద్దు. మత్తు దిగాక కాస్త మంట ఉంటుంది. అప్పుడు మీ మిగతా మాటలు కూడా నమ్మదు.

ఇక గడ్డ సంగతి. తలలో ప్రతి వెంట్రుకకీ చర్మం లోపల ఒక కుదురు ఉంటుంది. దాని అడుగున ఉండే కణాలు నిరంతరం పెరుగుతూ, పైకి జరుగుతూ, గట్టిపడి చనిపోయి వెంట్రుకగా మారతాయి. పైలోమాట్రికోమాలో అలాంటి కణం ఒకటి దారి తప్పుతుంది. ‘పెరుగు’ అని చెప్పే బీటా-కెటెనిన్ అనే ప్రోటీన్ జన్యువులో మార్పు వచ్చి, ఆ కణం ఒకేచోట పెరిగిపోతుంది. పుట్టిన కొత్త కణాలు వెంట్రుక కావాలని బయల్దేరి, కాలేక మధ్యలోనే చనిపోయి అక్కడే పోగుపడతాయి. ఆ మృతకణాల మీద ఒంట్లోని కాల్షియం చేరి రాయిలా గట్టిపడుతుంది. స్కానింగ్‌లో కనిపించిన సున్నం అదే. అది పాప రక్తంలోంచి వచ్చింది, అత్తగారి పట్టులోంచి కాదు. ఈ మాట ఆవిడతో కూడా చెప్పండి. పైకి గట్టిగా మాట్లాడుతున్నా ఆవిడకీ లోలోపల ఆ భయం ఉండి ఉంటుంది. అయితే సున్నం పట్టు మళ్లీ వేయవద్దు. అది చర్మాన్ని కాలుస్తుంది. కాలిన చర్మం మీద కోత పెడితే మచ్చ ఎక్కువగా మిగులుతుంది.

చెవులు కుట్టించినందుకు రాలేదు, నూనె మార్చినందుకూ రాలేదు. మీరు గర్భంతో ఉన్నప్పుడు తిన్నదీ కారణం కాదు. ఆ మార్పు పాప పుట్టాక ఎప్పుడో ఒక కణంలో వచ్చింది. అది ఎవరి తప్పూ కాదు.

ఈ గడ్డలు ఎక్కువగా ఇరవై ఏళ్లలోపు వాళ్లలో, అబ్బాయిల కంటే అమ్మాయిల్లో కొంచెం ఎక్కువగా కనిపిస్తాయి. ముఖం, మెడ, తల, చేతులు వీటికి ఇష్టమైన చోట్లు. చెవి ముందు భాగం, కనుబొమ్మ చివర, బుగ్గ మరీను. నెమ్మదిగా పెరుగుతాయి. చాలావరకు నొప్పి ఉండదు. పైన చర్మం ఒక్కోసారి నీలంగానో ఎర్రగానో కనిపిస్తుంది. చర్మాన్ని సాగదీసి చూస్తే గడ్డ పైభాగం గుండ్రంగా కాకుండా గుడారంలా మూలలు తేలి కనిపిస్తుంది. ఒక అంచు నొక్కితే రెండో అంచు పైకి లేస్తుంది. ఇలా చూసే మీ సర్జన్ చేతికి తెలిసి ఉంటుంది. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ పాప బుగ్గ నొక్కి చూస్తున్నారని రాశారు. దయచేసి అది ఆపించండి. నొక్కితే గడ్డ వాస్తుంది, ఎర్రబడుతుంది. పైగా పాప బుగ్గ చుట్టాలందరూ చూసి పోయే వస్తువు కాకూడదు.

మొదటి డాక్టరు బిళ్ళ అనుకున్నారని మీకు కోపంగా ఉంది. చెవి ముందు బిళ్ళలు కట్టడం మన పిల్లల్లో చాలా మామూలు, అందుకే ముందు అదే తోచి ఉంటుంది. ఈ గడ్డ వైద్యుల్ని మొదటినుంచీ పొరబడేలా చేసింది. 1880లో మలెర్బ్, షెనాంటె అనే ఫ్రెంచ్ వైద్యులు దీన్ని మొదట వర్ణించినప్పుడు, ఇది చర్మంలోని నూనె గ్రంథుల నుంచి పుట్టిందనుకున్నారు. 1961లో ఫోర్బిస్, హెల్విగ్ అనే ఇద్దరు ఇది వెంట్రుక కుదురు కణాలదని చూపించి ఇప్పటి పేరు పెట్టారు. సూక్ష్మదర్శినిలో చూసే నిపుణులకే ఎనభై ఏళ్లు పట్టింది. ఆ కోపం ఇప్పుడు పక్కన పెడితే మీకే మనసు తేలికవుతుంది.

మీ నిద్ర పోగొట్టింది ఆ సూది పరీక్ష రిపోర్టు కాబట్టి దాని గురించి వివరంగా చెబుతాను. ఈ గడ్డలో రెండు రకాల కణాలుంటాయి. అంచుల్లో చిన్నగా, ముదురు రంగులో, దగ్గరదగ్గరగా వేగంగా పెరిగే కణాలు. లోపల చనిపోయి మధ్యలో ఖాళీగా కనిపించే కణాలు. ఈ రెండోరకాన్ని చూస్తే ఇది ఏ గడ్డో డాక్టరుకు తెలిసిపోతుంది. కానీ సూదితో వచ్చేది గడ్డలో నలుసంత. ఆ నలుసు అంచు నుంచే వస్తే, చూసే డాక్టరుకు చిన్న ముదురు కణాలే కనిపిస్తాయి, క్యాన్సర్‌లా అనిపిస్తాయి. పైలోమాట్రికోమా విషయంలో సూది పరీక్ష ఇలా పక్కదారి పట్టించడం వైద్యులందరికీ తెలిసిన సంగతే. రిపోర్టు రాసినవారు జాగ్రత్తగానే రాశారు. క్యాన్సర్ ఉందని వాళ్లు రాయలేదు, కాదని ఆ నలుసు చూసి చెప్పలేమన్నారు. నిజంగా క్యాన్సర్‌గా మారే రకం ఉంది, కానీ చాలా చాలా అరుదు, అదీ ఎక్కువగా పెద్దవాళ్లలో.

పాప వయసు, గడ్డ ఉన్న చోటు, రాయిలాంటి గట్టిదనం, స్కానింగ్‌లో కాల్షియం అన్నీ మీ సర్జన్ చెప్పిన వైపే చూపిస్తున్నాయి. నేను పాపను చూడలేదు, ఆయన చూశారు. ఆయన మాటకే ఎక్కువ బరువు ఇవ్వండి. ఏమైనా నూటికి నూరుపాళ్లు తేలేది గడ్డ మొత్తం తీసి పరీక్షించాకే.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మొదటిది, ఈ నెలలోనో వచ్చే నెలలోనో తీయించేయడం. అనుమానం త్వరగా తేలిపోతుంది, మీకు నిద్ర పడుతుంది. గడ్డ చిన్నగా ఉండగానే తీస్తే కోతా చిన్నదే. ఇబ్బందేమిటంటే ఆసుపత్రిలో మీరు ఒంటరిగా ఉండాలి, పాపకి వారం పైగా బడి పోతుంది, మీ ఆయన మనసు నొచ్చుకుంటుంది. సంతకానికి మాత్రం తల్లి ఒక్కరు చాలు.

రెండోది, మే దాకా ఆగడం. సెలవుల్లో అయితే పాపకి బడిలో కట్టు గురించి ఎవరికీ జవాబు చెప్పుకోవాల్సిన పని ఉండదు, నాన్న పక్కన ఉంటాడు. పైలోమాట్రికోమానే అయితే మూడు నెలల ఆలస్యంతో ప్రాణానికేమీ కాదు. కానీ మీ చేతిలో అనుమానం ఉన్న రిపోర్టు ఉంది, మూడు నెలలూ మీరు దాన్ని మోయాలి. అందుకే ఆగేముందు ఒక పని చేయండి. సూది పరీక్ష చేసిన చోట గాజు స్లైడ్లు అడిగి తీసుకోండి. వాటిని, స్కానింగ్ ఫిల్ములను పెద్దాసుపత్రిలో ఇంకో పాథాలజిస్టుకు, అంటే కణాలను సూక్ష్మదర్శినిలో చూసి జబ్బు తేల్చే డాక్టరుకు, చూపించండి. పిల్లవాళ్ల గడ్డ, పైలోమాట్రికోమా అనుకుంటున్నామని ముందే చెబితే వాళ్లు ఆ కణాల కోసం వెతుకుతారు. వాళ్లు కూడా అదేనంటే మే దాకా ఆగడంలో నాకు అభ్యంతరం కనిపించదు. వాళ్లకీ అనుమానం ఉంటే ఆగవద్దు, మీ ఆయనకు నచ్చజెప్పండి. ఆగుదామని నిర్ణయించుకున్నా ఈ మధ్యలో గడ్డ వారాల్లో రెట్టింపైతే, చర్మం పగిలి సుద్దలాంటిది బయటకు వస్తే, చీము, జ్వరం వస్తే, నవ్వినప్పుడు మూతి ఒకవైపుకి లాగితే, ఆ వైపు కన్ను పూర్తిగా మూయలేకపోతే, మెడలో ఇంకో గడ్డ తగిలితే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మూడోది, అసలు తీయించకుండా వదిలేయడం. ఇలాంటి గడ్డలు వాటంతటవే పోవడం చాలా అరుదు, మెల్లగా పెరుగుతూనే ఉంటాయి. పెరిగేకొద్దీ పైచర్మం పలచబడి గడ్డకు అంటుకుపోతుంది. అప్పుడు గడ్డతోపాటు ఆ చర్మం కూడా తీయాలి. మచ్చ వద్దనుకుని ఆగితే పెద్ద మచ్చే మిగులుతుందని మీ అత్తగారికి చెప్పాల్సింది ఇక్కడే.

హోమియో గురించి మీ ఆడపడుచు ప్రేమతోనే చెప్పి ఉంటారు. కాల్షియంతో గట్టిపడిన గడ్డని కరిగించే మాత్ర ఏ వైద్యంలోనూ లేదు. మాత్రలు వాడితే నష్టం వాటి వల్ల కాదు, గడిచిపోయే నెలల వల్ల. నాటు వైద్యుల పసర్లు, గడ్డ రాలిపోతుందని పూసే మందులు, వాతలు మాత్రం దగ్గరికి రానివ్వద్దు. ముఖం మీద చర్మం కాలితే ఆ మచ్చను ఏ సర్జనూ పూర్తిగా చెరపలేడు.

మీ అత్తగారి భయం రెండు రకాలు. కత్తి తగిలితే గడ్డ క్యాన్సరై పాకుతుందన్నది ఒకటి. ముదిరాక ఆపరేషన్‌కి వచ్చి చనిపోయినవాళ్లను చూసి మన ఊళ్లలో పుట్టిన నమ్మకం అది. తీయడం వల్ల ఈ గడ్డ క్యాన్సర్ కాదు. మొత్తంగా తీస్తే అక్కడే మళ్లీ రావడం నూటికి ముగ్గురు నలుగురికి మించదు. రెండోది మచ్చ. చెవి ముందు చర్మానికి సహజంగానే ఒక ముడత ఉంటుంది, సర్జన్ దాని వెంటే కోత పెట్టడానికి చూస్తారు. సన్న గీతలా మిగిలి, ఏడాది తిరిగేసరికి పాలిపోయి, జడ పక్కన కనిపించకుండా కలిసిపోతుంది. ఒక్క విషయం కనుక్కోండి: మీ రెండు కుటుంబాల్లో ఎవరికైనా చెవి కుట్టించిన చోట గానీ, పాత గాయం మీద గానీ కండ పెరిగి ఉబ్బిందా? ఉంటే సర్జన్‌కి ముందే చెప్పాలి. మచ్చ లేవకుండా మొదటినుంచే సిలికాన్ జెల్ వంటివి వాడమంటారు. ఆవిడను ఒకసారి మీ వెంట డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, కోత ఎక్కడ పెడతారో ఆవిడనే అడగనివ్వండి. మనవరాలి ముఖం గురించి ఆవిడకున్న పట్టింపు తప్పు కాదు, జవాబు మీ నోట కన్నా డాక్టరు నోట వింటే ఆవిడకు ఊరట.

ఆపరేషన్ ఎవరు చేయాలన్నది మాత్రం తేలికగా తీసుకోవద్దు. గవదబిళ్ళలు వచ్చినప్పుడు వాచే గ్రంథి సరిగ్గా ఆ చోటే ఉంటుంది. కంటి రెప్పనీ మూతినీ కదిలించే నరం దానిలోంచి పోతుంది. మీ పాప గడ్డ దానికి పైన, చర్మంలోనే ఉందని స్కానింగ్ చెప్పడం మంచి మాట. అయినా ఆ చోటు తెలిసిన పిల్లల సర్జనో, ప్లాస్టిక్ సర్జనో చేయాలి. చిన్న గడ్డే కదా అని ఊళ్లో కోయించవద్దు. డబ్బు ఇబ్బందైతే హైదరాబాద్ నీలోఫర్‌లో పిల్లల సర్జరీ విభాగం ఉంది. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

ఏడేళ్ల పిల్ల ముఖం దగ్గర కత్తి పెడితే కదలకుండా ఉండలేదు, కాబట్టి పూర్తి మత్తు ఇస్తారు. మత్తిస్తే తెలివి తగ్గుతుందని మీ ఇంట్లో ఎవరో అన్నారట. పసికందులకు గంటలోపు మత్తిచ్చి, ఐదేళ్లు వచ్చాక వాళ్ల తెలివితేటలు పరీక్షించిన ఒక పెద్ద పరిశోధన 2019లో వెలువడింది. పూర్తి మత్తు లేకుండా, ఆ భాగం మాత్రమే మొద్దుబార్చి ఆపరేషన్ చేసిన పిల్లలకీ వీళ్లకీ తేడా కనిపించలేదు. మీ పాపది ఇంకా పెద్ద వయసు, ఆపరేషన్ చిన్నది. ఆరు గంటల ముందు నుంచి అన్నం, పాలు వద్దంటారు, రెండు గంటల ముందు దాకా మంచినీళ్లు ఇవ్వనిస్తారు. ఆకలితో ఏడుస్తోందని ఎవరూ చాటుగా బిస్కెట్ పెట్టకూడదు, మత్తులో వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ వారంలో జలుబు, దగ్గు, జ్వరం ఉంటే దాచకుండా చెప్పండి. వాయిదా వేస్తే వేయనివ్వండి.

తీసిన గడ్డను తప్పకుండా పాథాలజీకి పంపించండి. కొందరు ‘డాక్టరు మంచిదే అన్నారుగా’ అని ఆ ఖర్చు మిగుల్చుకుంటారు. మీ అనుమానం తీర్చేది ఆ రిపోర్టే. దాంట్లో ‘ఘోస్ట్ సెల్స్’ అనో ‘షాడో సెల్స్’ అనో ఉంటే పేరు చూసి భయపడకండి. వెంట్రుక కావాలనుకుని చనిపోయిన కణాలని చెప్పానే, అవే ఇవి. ఆ మాట ఉంటే మీకు శుభవార్తే.

ఇంకొక విషయం. పాప ఒంటి మీద ఇంకెక్కడైనా ఇలాంటి గట్టి గడ్డ ఉందేమో స్నానం చేయించేటప్పుడు నెమ్మదిగా తడిమి చూడండి. ఒక్కటే అయితే ఆలోచించాల్సిన పని లేదు. రెండు మూడు ఉంటే, లేదా ఇంట్లో ఎవరికైనా పిడికిలి బిగించాక వెంటనే వేళ్లు విప్పుకోలేని కండరాల జబ్బు గానీ, పెద్దపేగులో పాలిప్స్ (లోపలి గోడ మీద పిలకల్లా పెరిగే చిన్న కండలు) గానీ ఉంటే డాక్టరుకు చెప్పండి. అరుదుగా ఈ గడ్డలు అలాంటి వంశపారంపర్య జబ్బులతో కలిసి వస్తాయి.

కుట్లు ఐదారు రోజులకు తీస్తారు, లేదా వాటంతటవే కరిగే దారం వేస్తారు. వంకాయ, గోంగూర, పప్పు తింటే చీము పడుతుందని ఇంట్లో పథ్యం పెడతారు, నాకు తెలుసు. పప్పు, గుడ్డు, పాలు, పండ్లు అన్నీ పెట్టండి, గాయం మానడానికి అవే కావాలి. మే ఎండలో కొత్త మచ్చ నల్లబడుతుంది. గాయం మానాక బయటికి వెళ్తే చున్నీ కప్పండి, డాక్టరు చెప్పిన ఎండ క్రీము కొన్ని నెలలు రాయండి.

మీ ఆయనతో మాట్లాడేటప్పుడు ‘ఆగాలా వద్దా’ అని గొడవకు దిగే కన్నా, సర్జన్ దగ్గరికి వెళ్లిన రోజు వీడియో కాల్‌లో ఆయన్నీ కలపండి. రెండేళ్లుగా కూతుర్ని ఫోన్లోనే చూస్తున్న మనిషికి, ఆ సమయంలో నేను లేకపోతే ఎలా అన్న బాధ ఉంటుంది. ఆయన డాక్టరును నేరుగా రెండు ప్రశ్నలు అడిగితే మే అయినా మార్చి అయినా మీరిద్దరూ కలిసి నిర్ణయించుకున్నట్టవుతుంది.

బడిలో పంతులమ్మకు మీరే వెళ్లి చెప్పండి, అది గడ్డ అని, అంటుకునేది కాదని, తీయిస్తున్నామని. గోళీ అని పిలిచే పిల్లలతో ఆవిడ మాట్లాడతారు. ఆపరేషన్ అయ్యాక ఆ గోళీ ఎలా ఉందో చూస్తానని పాప అడగవచ్చు, చాలామంది పిల్లలు అడుగుతారు. గడ్డ పరీక్షకు వెళ్లిపోతుంది కాబట్టి ఇంటికి తేలేరు. ఒక ఫోటో తీసి ఇవ్వమని సర్జన్‌ని ముందే అడిగి పెట్టుకోండి.